నడివీధిలో టైలరమ్మ పరుగు

టైలరమ్మ మొండిఘటం. పట్టిన పట్టు విడవదు. ఏళ్ళ తరబడి కుట్టుమిషను ముందు కూర్చుని నడుము పట్టేస్తుంటే, "కాస్త నడవమ్మా" అన్నాడు డాక్టరు. నడిచింది. నడక చాల్లేదు, పరుగెత్తింది. పరుగెత్తాకే తెలిసింది, అదంటే తనకెంత ఇష్టమో. ఊరందరికీ కుట్టిపెట్టే మనిషికి తనకంటూ దొరికింది అదొక్కటే. అయినా సిగ్గు. ఎవరూ లేవకముందే వెళ్ళి, వీధి మేలుకునేసరికి ఇంట్లో పడేది.

ఆ సంబరానికి కాలి బొటనవేలు అడ్డం పడింది. మొదటి బూట్లు కొన్నప్పుడు ఆవిడ చొక్కా కొలత చూసినట్టే చూసింది మరి! ఎక్కడా వదులు లేకుండా అతికినట్టు సరిపోతే మురిసిపోయింది. చేయి తిరిగిన టైలర్లే చేసే పొరపాటిది. చొక్కా తొడుక్కున్నవాడు అద్దం ముందు నిలబడితే చాలు. పరుగెత్తే పాదం అలా ఊరుకోదు, ఉబ్బుతుంది, ముందుకు జారుతుంది. నెల తిరక్కుండానే గోరు నల్లబడింది.

"ఇక చాలించు. ఈ వయసులో నీకు పరుగులెందుకే?" అన్నాడు మొగుడు, కుంటుతున్న భార్యను చూసి. చెడ్డవాడేం కాదు, నోరే కాస్త దురుసు.

"గోరు పోతే మళ్ళీ వస్తుందండీ. పరుగు మానేస్తే మళ్ళీ రాదు" అంది.

అనేసింది గానీ గుండెల్లో గుబులే. కొత్త బూట్లు కొనక తప్పదు, ఈసారీ కొలత తప్పితే ఇంకో జత కొనే స్తోమత లేదు. అప్పుడు మొగుడి మాటే నెగ్గుతుంది.

సాయంత్రం పని ముగిశాక, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడే చెప్పుల కొట్టుకు వెళ్ళింది. మొగుడు బయట స్కూటరు మీదే కూర్చున్నాడు. కొట్టాయన ముందు తళతళలాడే జత దించాడు.

ధర వినగానే టైలరమ్మకు కళ్ళు తిరిగాయి. "ఇవి కాళ్ళకా అన్నా, బీరువాకా? రోజూ తొక్కి పారేసేవి చూపించు."

కొట్టాయన నవ్వి మామూలువి తెచ్చాడు. వేళ్ళ ముందు చేతి బొటనవేలంత వెడల్పు జాగా ఉందా, వంచితే వేళ్ళ దగ్గరే వంగుతోందా, అన్నీ తడిమి చూసింది. చివరికి రెండు జతలు మిగిలాయి. ఎటూ తేలడం లేదు.

"కూర్చుంటే ఏ బూటైనా బాగానే ఉంటుందమ్మా. అలా వీధి చివరిదాకా పరుగెత్తి రండి" అన్నాడాయన.

ఆవిడ వీధిలోకి తొంగిచూసింది. వీధి నిండా జనం, సగం మంది తన దగ్గర కుట్టించుకునేవాళ్ళే. ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత పళ్ళు బిగించి పరుగందుకుంది.

"ఏమైంది టైలరమ్మా? ఎవడైనా ఏదైనా ఎత్తుకుపోయాడా?" అని కంగారుగా అరిచాడు పండ్లబండాయన.

"ఎవడూ ఏం ఎత్తుకుపోలేదు! బూట్లు కొంటున్నాను!"

మొదటి జతకు మడమ జారింది. తిరిగొచ్చి రెండోది వేసుకుని మళ్ళీ అదే వీధిలో, అదే జనం మధ్య పరుగెత్తింది. జనం గుడ్లప్పగించి చూస్తున్నా పట్టించుకోలేదు. వేలికి ఏమీ తగల్లేదు. హాయిగా ఉంది.

"ఇవే అన్నా" అంది రొప్పుతూ.

మొగుడు స్కూటరు దిగి నిలబడ్డాడు. "నువ్వు ఇంత బాగా పరుగెడతావా?" అన్నాడు నమ్మలేనట్టు.

"మీరెప్పుడు చూశారు గనక? రేపట్నుంచి తెల్లారాకే వెళ్తాను" అంది టైలరమ్మ.