లడ్డుకు పెట్టిన ప్రసాదం

ద్రాక్షపళ్ల బండి దాటి వెళ్లాలంటే నాకిప్పటికీ గుండెల్లో దడ. జహీరాబాద్ బస్టాండు ముందు, ఎండకు మగ్గిన ఆ తియ్యటి వాసన తగలగానే రోడ్డు అవతలికి దాటేస్తాను. వెంటనే వీరన్న బాబాయిగారు గుర్తొస్తారు. మా పక్కింటాయన, పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి.

మావారికి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమని తెనాలి నుంచి వచ్చిన కొత్తలో, మా కుక్కపిల్ల లడ్డుకు ఆయనే మొదటి చుట్టం. ఆపిల్ తెస్తే గింజలన్నీ ఏరేసి గోరంత ముక్కలు పెట్టేవారు. మామిడిపండు పెడితే టెంక ఆయన జేబులోకి పోయేది. "గిది మింగితే పేగులకు అడ్డం పడ్తది బిడ్డా" అనేవారు. కుక్కకు ఇంత రాజభోగమా అని నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

సత్యనారాయణ వ్రతం చేసుకున్న రోజు, ప్రసాదం వాకిట్లోని ప్రాణికీ పెట్టాలన్న మా అమ్మ అలవాటు కొద్దీ, కిస్‌మిస్‌లు దండిగా వేసిన రవ్వప్రసాదం, గుప్పెడు ద్రాక్షపళ్లు లడ్డు గిన్నెలో వేశాను. అప్పుడే వచ్చిన బాబాయిగారు లడ్డు నాకేసిన గిన్నె, పక్కన పడ్డ ఒక ద్రాక్షపండు చూసి నిలబడిపోయారు.

"ద్రాక్ష పెట్టినవా? ఎంతసేపైంది?"

"ఇప్పుడేనండీ. ప్రసాదమే కదా బాబాయిగారూ!"

"కుక్కకు ద్రాక్ష, కిస్‌మిస్ రెండూ విషమే. ప్రసాదమని దాని కిడ్నీలకేం తెలుసు బిడ్డా? నడువు దవాఖానకు, జల్ది."

డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు, సెలైన్ ఎక్కించారు. మూత్రం పోస్తుందో లేదో కనిపెట్టి ఉండమన్నారు. మర్నాడంతా దాని చుట్టూనే తిరిగాను. లడ్డు లేస్తే ఆశ, మళ్లీ పడుకుంటే ఏడుపు. బాబాయిగారు పెరట్లో దాని పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అది భరించలేక నేనే అడిగాను, తిట్టరేమని.

"ఏమని తిట్టాలె? మా కుక్క జిమ్మీకి ద్రాక్ష గుత్తి గుత్తే నా చేతితోని తినిపిచ్చిన. కాంపౌండర్నే, గప్పుడు నాకూ తెల్వలె. రెండు దినాలు గిట్లనే కూసొని చూసిన" అన్నారు. ఆ తర్వాత ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం లడ్డు జామచెట్టు మొదట్లో కాలెత్తింది. బాబాయిగారు చప్పట్లు కొట్టారు, ఆ వెంటనే కండువాతో కళ్లొత్తుకున్నారు.

ఆయన పోయి మూడేళ్లు. లడ్డుకూ మూతి నెరిసింది. వ్రతం నాడు కిస్‌మిస్ వేయకముందే ఒక చిన్న గిన్నెలోకి లడ్డు ప్రసాదం తీసి, పెద్ద గిన్నెతో పాటు దాన్నీ దేవుడి ముందు పెడతాను. అయినా లడ్డుకు పెట్టే ముందు ఆ చిన్న గిన్నెను వేలితో కెలికి చూస్తాను, ఒక్క కిస్‌మిసైనా పడిందేమోనని.