గేట్లెత్తిన రోజు

మహదేవపురలో మా అపార్టుమెంటు ముందు కొత్త వంతెన లేస్తోంది. పొద్దున్నే కిటికీ తెరిస్తే తడి సిమెంటు వాసన. అది తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. దుమ్ముకు కాదు. చిన్నప్పుడు ఆ వాసనంటే నాకు ప్రాణం, అందుకు.

మా నాయన హొసకోటెలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. సెలవులొస్తే అందరూ చుట్టాల ఊళ్లకు పోతుంటే, ఆయన మమ్మల్ని డ్యాములకూ, వంతెనలకూ, కొండను తొలిచిన రైలు సొరంగాలకూ తీసుకుపోయేవాడు. అమ్మ తెల్లవారకముందే జొన్నరొట్టెలు కాల్చి, చెనిక్కాయల పొడి పొట్లం కట్టి, చిత్రాన్నం అరిటాకులో చుట్టేది. బస్సు కిటికీలోంచి ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పోతుంటే, నాయన గాలిలో వేళ్లతో గీతలు గీస్తూ, అంత నీటి బరువును గోడ ఎట్లా ఆపుతుందో చెప్పేవాడు. ఏ డ్యాముకు పోయినా నేను ముందు దానికి చెంప ఆనించేదాన్ని, లోపల నది కదిలే చప్పుడు వినిపిస్తుందేమోనని.

నాయన తల్లి, మా అవ్వ, ఈ ప్రయాణాలకు ఎప్పుడూ రాలేదు. ఒక దసరా సెలవుల్లో కృష్ణ మీది పెద్ద డ్యాముకు పోతున్నామంటే మాత్రం, ఎవరూ పిలవకుండానే ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కి కూర్చుంది.

ఆ రోజు గేట్లెత్తారు. నీళ్లు తెల్లగా దూకి, తుంపర పైదాకా లేచి మా మొహాలు తడిపింది; జనం ఈలలు వేశారు; బజ్జీల బండి దగ్గర నూనె వాసన. నేను ఎగిరెగిరి చప్పట్లు కొట్టాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“సప్పట్లు కొట్టొద్దు పాపా. ఆ పక్క నీళ్ల కింద మన ఇల్లుండాది.”

ఆ మాట అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. నాయన మొహం ఎర్రబడింది.

“పిల్లోళ్ల ముందర ఎందుకుమా అదంతా? దేశానికి కరెంటు వద్దా?”

“కరెంటు రానీప్పా, నేను వద్దంటినా? ఆ బోర్డు మింద మన ఊరి పేరు యాడన్నా ఉంటే సదివి సెప్పు, సాలు.”

నాయన గట్టు మీద డ్యాము వివరాలు రాసిన ఆ బోర్డు ముందు నిలబడి గోడ ఎత్తు, పొడవు, గేట్లు, ప్రారంభించిన పెద్దల పేర్లు గట్టిగా చదివాడు. చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది. మళ్లీ మొదటినుంచి, పెదాలు మాత్రం కదిలిస్తూ చదివాడు. వచ్చి అవ్వ పక్కన కూలబడి, “లేదుమా” అన్నాడు.

గేట్ల లెక్క అంత జాగ్రత్తగా రాసిన చేతికి ఒక్క ఊరి పేరు రాయడానికి చోటు దొరకలేదా?

అవ్వ ఏడవలేదు. నీళ్ల వైపు తిరిగి, ఆ మునిగిన ఊరి ఇరుగుపొరుగు వాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచింది. బజ్జీలు తినేవాళ్లు నవ్వారు. నాయన వాళ్ల మీదికి లేచాడు. అమ్మ పట్టుకోకపోతే కొట్టేవాడే. తిరుగు బస్సులో నాయన గోడల మాట ఎత్తలేదు. తను ఆడుకున్న వీధులన్నీ చెప్పాడు. ఆ తరవాత మేము ఏ డ్యామూ చూడలేదు.

మొన్న ఎండాకాలం ఆ డ్యాములో నీళ్లు తగ్గి, మునిగిన ఊళ్ల పునాదులు బయటపడ్డాయంటే పోయాను. పగుళ్లిచ్చిన బురదలో రాతి గడపలు. ఒక గడప మీద నిలబడి ఒక జంట పెళ్లి ఫొటోలు తీయించుకుంటోంది.

“దిగండి, ఇల్లది!” అని అరిచాను.

ఆ అబ్బాయి గబుక్కున దిగి, “సారీ అండీ, మీదా?” అన్నాడు.

అడుగుదామంటే అవ్వా లేదు, నాయనా లేడు. ఏది మాదో చూపించేవాళ్లు ఇంక ఎవరూ లేరు.

“మాదే” అన్నాను.