గుంట మగ్గం మీద స్టే

మొగుడు కొట్టాడని పెట్టిన కేసులో నాంచారమ్మకి మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వు చిన్నదే. కేసు తేలేదాకా ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు, ఆమె మగ్గం జోలికి ఎవరూ పోకూడదు. మంగళగిరిలో ముందుగదిలో గుంట తవ్వి దించిన మగ్గం అది, చంకన పెట్టుకుని పుట్టింటికి పోవడానికి కుదరదు. ఇల్లు పోతే నేత పోతుంది. నేత పోతే ఆమెకు బతుకే లేదు.

మొగుడు పానకాలు ఊరుకుంటాడా? నెల తిరక్కుండా జిల్లా కోర్టులో అప్పీలు వేసి, ఆ ఉత్తర్వు మీద స్టే అడిగాడు. ఇల్లు తన తల్లి రాజ్యలక్ష్మమ్మదట, పెళ్లాం ఏడాది కిందటే పుట్టింటికి పోయిందట, మగ్గం మీద కూర్చునేది తల్లేనట. నోటికి అడ్డూ అదుపూ ఉండక్కర్లేదూ? పైగా కాగితం అతనివైపే ఉంది. చేనేత సొసైటీలో సభ్యత్వం అత్తది కాబట్టి కోడలు నేసిన ప్రతి చీరా అత్త పేరు మీదే వెళ్లింది. మా పేటలో సగం ఇళ్లలో ఇదే తంతు. ఆ కాగితాలు నమ్మితే, పదిహేనేళ్లలో నాంచారమ్మ ఒక్క పోగూ నేయలేదు.

వాయిదా రోజున ఆమె లాయరు ఒక చీర తెచ్చి బల్ల మీద పెట్టింది. గొడవ రోజున మగ్గం మీద సగంలో ఆగిపోయి, ఉత్తర్వు వచ్చాక పూర్తయిన చీర అది. జడ్జిగారు రాజ్యలక్ష్మమ్మను దగ్గరికి పిలిచారు.

"ఇది మీరు నేసిందేనామ్మా?"

కొడుకు నేర్పిన "అవునండీ" ఆవిడ నాలుక చివరే ఉంది. కానీ చీర చేతికొచ్చాక ఆవిడలోని నేతమనిషి ఊరుకోలేదు. మడత విప్పింది, అంచు మీద వేలు నడిపింది, వెలుగుకు ఎత్తి చూసి మొహం చిట్లించింది.

"నేనిట్టా నేస్తానాండీ? సగందాకా అచ్చు దెబ్బ దిట్టంగానే పడింది. ఇదిగో, ఇక్కణ్ణుంచి నేత పల్చబడిపోయింది. పోగు పోగుకీ ఎడంచేత్తో అచ్చు లాక్కొని కొడితేనే గదా నేత గట్టిపడేది. మావాడు మణికట్టు మెలిపెట్టాక దీనికి ఆ చెయ్యి సరిగ్గా ఆడటంలా."

"ఎవరికమ్మా?"

"మా కోడలికండీ. ఇంకెవరికి?"

పానకాలు "అమ్మా" అన్నాడు. అప్పటికి గానీ తనేమన్నదో ఆవిడకి తెలియలేదు.

జడ్జిగారు స్టే ఇవ్వలేదు. వరండాలో కొడుకు తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"నా కొంప ముంచావు గదే."

"చీర చేతికిచ్చి అబద్ధమాడమంటే ఎట్టారా?"

ఇల్లు నిలిచింది, నాంచారమ్మ సంతోషించాలి. కానీ ఆమె నేరుగా అత్త ముందుకెళ్లి నిలబడింది. ఆ రోజు తను కేక పెడితే వంటింట్లోంచి కదలని అత్త, పోలీసులడిగితే "నేనేం చూళ్లేదు" అన్న అత్త, ఏ పోగు దగ్గర తన చెయ్యి ఆడకుండా పోయిందో ఇవాళ వేలు పెట్టి చూపించింది.

"అయితే చూశావన్నమాట అత్తా," అంది.