ఆటోలో తిరిగిన నా గొంతు

చాలా ఏళ్లపాటు మా మండలంలో ఏ సభ జరగబోయినా ముందుగా ఊరూరా తిరిగింది నా గొంతే. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. బస్టాండు పక్కన నాకో ఎస్టీడీ బూతు ఉండేది, పొద్దస్తమానం ఆ అద్దాల పెట్టె ముందే కూర్చునేదాన్ని. ఆదివారాలు మా చర్చిలో ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివేదాన్ని. బయట రోడ్డు మీద పోతూ అది విన్న మైకు సెట్టు దుకాణం సాయిబుగారు మర్నాడే టేపురికార్డరు చంకన పెట్టుకుని బూతుకొచ్చాడు. "నీ మాట సాఫ్‌గుంటదమ్మా. మా మొగోళ్లకు మైకిస్తే అరుసుడే. నువ్వు చెప్పు, నేను క్యాసెట్ నింపుకుని ఆటోల ఊరూరా తిప్పుత" అన్నాడు. అలా మొదలైంది. చర్చిలో ఉజ్జీవ సభలు, దర్గా దగ్గర ఉర్సు, వాలీబాల్ పోటీలు, పామాయిల్ రైతుల సదస్సు, అన్నిటికీ ఒకటే గొంతు. దేవుడి రాకడైనా గేదెల గాలికుంటు టీకాలైనా జనానికి ముందు చెప్పాల్సింది నేనే.

ఆ సభలంటే నాకు అప్పుడూ రోతే, ఇప్పుడూ రోతే. క్యాసెట్ నింపడానికి నా చేతికొచ్చే కరపత్రాలు చూస్తే మీకూ అలాగే ఉంటుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఈ నలుగురికీ తేడా ఏమిటని అడిగితే వేయించినవాళ్లే నీళ్లు నమిలేవాళ్లు. ఎవరి పేరు ఎవరి పైన ఉండాలన్న దాని మీద చొక్కాలు పట్టుకున్నారు. పేర్లన్నీ పట్టించాక ఎక్కడ, ఎప్పుడు అన్నది అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. ఒకసారి వాలీబాల్ కుర్రాళ్లు రెండు పక్కలా పేర్లతో నింపి తేదీ వేయడమే మరిచిపోయారు. మావాళ్లేమైనా తక్కువ తిన్నారా? మా ఉజ్జీవ సభల్లో అణకువ మీద ప్రసంగించడానికి వచ్చిన పెద్దమనిషి, తన ఫోటో చిన్నదిగా వేశారని అలిగి భోజనం మానేశాడు. మా సంఘ పెద్దలు ఆయన కాళ్లావేళ్లా పడి తినిపించారు.

ఇంత రోత పడుతూ నేనెందుకు చదివానంటే, మెప్పు కోసమే. నాకు పేరక్కర్లేదని అందరితో అనేదాన్ని. అయినా ప్రతి కరపత్రాన్నీ అడుగు దాకా చదివేదాన్ని, ఏ మూలన్నా నా పేరు వేశారేమోనని. ఎప్పుడూ వేయలేదు.

ఒక ఏడు ఎండలు ముదరకముందు, ఇప్పచెట్లు ఆకు రాలుస్తున్న రోజుల్లో, మా ఊళ్లో కంటి శిబిరం పెట్టారు. కమిటీ అధ్యక్షుడు ఎరువుల దుకాణం ఆసామి. మనిషికి ఏ కోశానా జాలి లేదు గానీ శాలువా కప్పడమంటే మహా ప్రీతి. ఆ క్యాసెట్లో నేను చెప్పిన మాటలు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి. "మీ ఇంట్లో చూపు ఆనని పెద్దలుంటే ఆదివారం పొద్దున్నే హైస్కూలు గ్రౌండుకు తీసుకురండి. రక్తపరీక్ష ఉంటుంది. ఏమీ తినకుండా పరగడుపున రండి." ఆటో రోడ్డున్నంత దూరం తిరిగింది. రోడ్డు ఆగిపోయే వాగు దగ్గర నిలబడి, అవతలి అడవి పల్లెల వైపు మైకు తిప్పి అదే మాట మూడుసార్లు వినిపించి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం నా బూతుకే ఫోనొచ్చింది. ముఖ్య అతిథి తాలూకు మనిషి. "సార్‌కు రేపు వేరే ప్రోగ్రాం పడ్డది. వచ్చే ఆదివారం పెట్టుకోమన్నడు, మీ అధ్యక్షునికి చెప్పు" అని పెట్టేశాడు. నేను ఎరువుల దుకాణానికి పోయి చెప్పాను. అధ్యక్షుడు తల పట్టుకుని, "శాలువాలు గూడ తెచ్చి పెట్టుకుంటిమి గదా" అన్నాడు. తర్వాత తనే డాక్టర్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

"ఊళ్లల్ల గూడ చెప్పాలె గదన్నా. ఆటో ఇక్కడ్నే ఉంది, ఇప్పుడే క్యాసెట్ నింపుతా" అన్నాను.

"వాయిదా అని ఎవరన్న మైకుల చెప్పుకుంటరా చెల్లె? పరువు వోద్ది. వచ్చినోళ్లకు ఆడనే చెప్పొచ్చు తియ్."

మా దగ్గర అంతే. రమ్మనడానికి ఆటో తిరుగుతుంది. రావద్దనడానికి తిరిగిన ఆటోను ఒక్కదాన్ని కూడా నేను చూడలేదు. సాయిబుగారి దుకాణం అక్కడికి నాలుగడుగులు. అడిగితే ఆయన కాదనేవాడు కాదు. నేను అడగలేదు. పెద్దమనిషితో నాకెందుకు పేచీ అనుకుని బూతుకొచ్చి కూర్చున్నాను. మర్నాడు చర్చిలో మాత్రం, కంటి శిబిరం వాయిదా పడిందని చక్కగా చదివాను. విన్నవాళ్లలో సగంమందికి అప్పటికే కళ్లజోళ్లున్నాయి. నా బాధ్యత తీరిపోయిందని నిజంగానే అనుకున్నాను. ఎరువుల ఆసామిని ఎంత తిట్టుకున్నా ఈ ఒక్క విషయంలో ఆయనకూ నాకూ తేడా ఏమీ లేదు.

చర్చి నుంచి ఇంటికి గ్రౌండు మీదుగానే పోవాలి. అప్పటికి ఎండ నడినెత్తి దాటింది. వచ్చినవాళ్లు చాలామంది వాచ్‌మన్ తిట్లు తిని వెళ్లిపోయారట. సగం కట్టి వదిలేసిన టెంటు కింద ఇద్దరు కోయ ఆడవాళ్లు మిగిలారు, ఒక ముసలావిడ, ఆమె కోడలు. నేను కోడలి దగ్గరికి పోయి, "ఈ రోజు లేదమ్మా. వచ్చే ఆదివారం" అన్నాను.

ముసలావిడ ముఖం తిప్పింది. నా వైపు కాదు, కొంచెం పక్కకు. వాళ్ల భాషలో కోడలిని ఏదో అడిగి, తర్వాత తెలుగులో, "ఆటోల మాట్లాడింది నువ్వే గద బిడ్డా?" అంది.

అన్నేళ్లలో నన్ను గుర్తుపట్టిన మొదటి మనిషి ఆమే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషమేసింది.

"అవ్, నేనే" అన్నాను.

"నువ్వు తినొద్దన్నవ్. నేను తినలే" అంది.

కోడలు నా మీద చిరాకు దాచుకోలేదు. "కోడి కూయకముందు బయలెల్లినం. వాగు దాటి నడిచొచ్చినం. జావ తెచ్చిన, తాగమంటే ముట్టుకోదు. వాచ్‌మన్ లేదన్నా నమ్మదు. ఆటోల ఆమె రమ్మన్నది, ఆటోల ఆమె తినొద్దన్నది అంటది. ఇప్పపూవు రాలే దినాలొస్తున్నై. పూవు ఏరనీకి గప్పటికి కండ్లు రావాలెనని దీనికి తొందర" అంది.

ముసలావిడకు ఆ గొడవ పట్టలేదు. "ఇప్పుడు తినొచ్చా?" అని నన్నే అడిగింది.

"తిను అవ్వా" అన్నాను. కోడలు జావ ఉన్న సొరకాయ బుర్ర నోటికందిస్తే ఆగకుండా తాగింది. అక్కడే నిలబడి చూశాను, వేరే చేసేదేమీ లేక. వచ్చే ఆదివారం తప్పకుండా ఉంటుందని, మళ్లీ నేనే చెబుతానని అన్నాను. ఆమె మూతి తుడుచుకుని కోడలి భుజం పట్టుకుంది.

ఆ వారం అధ్యక్షుడే బూతుకొచ్చాడు. "ఈసారి 'తప్పకుండా' అన్న మాట గట్టిగ చెప్పు చెల్లె" అన్నాడు. గట్టిగానే చెప్పాను. ఆదివారం అతిథిగారు ఎండెక్కాక దిగారు. దీపం వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, కళ్ల గొప్పతనం గురించి కళ్లు లేనివాళ్లకు గంటసేపు చెప్పారు. ఆ తర్వాతే డాక్టర్లను చూడనిచ్చారు. నేను పొద్దుటి నుంచి చివరి మనిషి వెళ్లేదాకా వరస పక్కన నిలబడ్డాను. ఆమె రాలేదు.

ఇప్పపూవు అమ్మకానికొచ్చే రోజుల్లో కోడలు సంతకు వచ్చింది. బుట్టతో బూతు ముందు నుంచి పోతుంటే పిలిచి, అత్తను ఎందుకు తీసుకురాలేదని అడిగాను.

"ఆటో వచ్చింది. వాగు కాడ నిలబడి పిలిచింది" అంది. "నీ మాట వినంగనే మా అత్త లేచి గుడిసెలకు వొయింది. తలుపెయ్యమన్నది. 'పోయిందా ఆమె, పోయిందా' అని లోపల్నుంచి రెండుసార్లు అడిగింది."

బుట్టలో పూలతో పాటు ఎండుటాకులు, మట్టిపెళ్లలు కలిసి ఉన్నాయి. తడుముకుంటూ ఏరిన పూలు అలాగే ఉంటాయి.