పెళ్ళికూతురి ఆది జాకెట్టు

"ముట్టుకోకు. ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునిరా," అని అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

అప్పటికే జాడీ మూతికి కట్టిన పురికొస ముడి సగం లాగేశాను. చంకలో పదినెలల పిల్ల, భుజాన సంచి, ఒళ్ళంతా చెమట. నందిగామలో బస్సు దిగి ఇంటిదాకా దాదాపు పరుగుమీదే వచ్చాను. రాగానే ఎలా ఉన్నావమ్మా అని కూడా అడక్కుండా వంటింట్లోకి దూరి ఆవకాయ జాడీమీద పడితే ఏ తల్లయినా అడ్డుపడుతుంది.

"ఆవకాయే అది. బస్సులో పదిమందినీ రాసుకొచ్చిన చేత్తో ముట్టుకుంటే బూజు పట్టదూ? ఇవాళ మూడోరోజు. తలస్నానం చేసి నేనే తిరగకలుపుదామని ఉన్నా. అంత నోరూరితే చెప్పు, గిన్నెలో వేసిస్తా."

"నాకు ఆవకాయ వద్దమ్మా. దానిమీది గుడ్డ కావాలి."

అమ్మ జాడీ వంక చూసింది, నా వంక చూసింది. "మీ అత్తగారు వాసెన కట్టిన గుడ్డ కూడా తిరిగి పంపమన్నారా?" అంది.

అమ్మకి తెలియదుగా. అది వట్టి గుడ్డ కాదు. ఎల్లుండి పెళ్ళిపీటలమీద కూర్చోబోయే వత్సవాయి అమ్మాయి జాకెట్టు వీపు.

ఇది మూడేళ్ళ కిందటి మాట. మా ఆయనకి సిమెంటు ఫ్యాక్టరీలో పని. జగ్గయ్యపేటలో రెండు గదులూ ఒక వసారా ఉన్న అద్దె ఇల్లు. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య, పిల్ల. నేను పదో తరగతి లెక్కల్లో తప్పి, పుట్టింట్లో ఉండగా కుట్టు నేర్చుకున్నాను. పెళ్ళికి అమ్మావాళ్ళు ఇచ్చిన మిషను వసారాలో వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. కుడికాలు మిషను తొక్కుతుంటే ఎడమకాలి బొటనవేలికి ఉయ్యాల తాడు. పిల్ల ఏడిస్తే మిషను ఆగేది, మిషను ఆగితే ఆ నిశ్శబ్దానికి పిల్ల మళ్ళీ లేచేది. మధ్యలో పొయ్యిమీద పప్పు అడుగంటేది. అది వేరే సంగతి.

మా ఆయన కుట్టొద్దని ఎప్పుడూ అనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. "ఎవరైనా సరే, గుమ్మంలోకొచ్చి నా గుడ్డ పాడుచేశావని గొడవపెట్టుకున్నారా, ఆ రోజుతో మిషను నందిగామ పంపించేస్తా. వీధిలో మాట పడే ఓపిక నాకు లేదు," అన్నారు. ఆయన మాట అంటే అన్నట్టే.

ఆ ఎండాకాలం వత్సవాయి నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళికని పదకొండు జాకెట్లు తెచ్చారు. పది ఇంట్లో ఆడవాళ్ళవి, ఒకటి పెళ్ళికూతురిది. మా వైపు టేపు పెట్టి కొలతలు ఎవరిస్తారు? ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇచ్చిపోతారు, దాన్ని చూసి కొత్తది కత్తిరించుకోవాలి. బాగా కుదిరింది ఎప్పుడూ బాగా పాతదే అయి ఉంటుంది, కుదిరిందని రోజూ అదే తొడుక్కుంటారు కాబట్టి. పెళ్ళికూతురి ఆది అయితే మరీనూ. రంగు వెలిసి, చంకల్లో పిగిలి, పట్టుకుంటే చేతిలోకి వచ్చేలా ఉంది.

పది కుట్టేశాను. పెళ్ళికూతురిది పట్టు. చీరలోంచే కత్తిరించిన ముక్క, తేడా వస్తే ఇంకో ముక్క లేదు. దానికి కత్తెర పెట్టాలంటే భయమేసి చివరికి ఉంచుకున్నాను. ఆ పొద్దున మా ఆయన ఆరింటి షిఫ్టుకి వెళ్ళాక, ఇక ధైర్యం చేద్దామని ఆది కోసం చూస్తే లేదు. మా వసారాలో ఉన్నది ఒకటే నులకమంచం. కుట్టాల్సినవీ దానిమీదే, ఉతికినవీ దానిమీదే, పిల్ల పొత్తిగుడ్డలూ దానిమీదే. మొత్తం దులిపాను. లేదు.

"అత్తయ్యా, ఇక్కడొక పాత జాకెట్టు ఉండాలి, చూశారా?"

"ఏది, ఆ వెలిసిపోయిందా? నీదనుకున్నానే. పిల్ల గుడ్డల్లో కలిసుంటే పనికిరాదని పడేశావనుకున్నా," అన్నారు అత్తయ్య. అని, నా మొహం చూసి చేతిలో చేట కింద పెట్టేశారు.

ఆవిడ ఏ పనైనా పద్ధతిగా చేస్తారు. చింపలేదు, కుట్లు విప్పారు. చేతులు రెండూ పొయ్యి దగ్గర, అన్నం గిన్నె దించే మసిగుడ్డలయ్యాయి. ముందు ముక్కలు రెండూ పిల్ల కింద పరిచి, ఉతికి, తాడుమీద ఆరేసి ఉన్నాయి. హుక్కులు మాత్రం నాకు పనికొస్తాయని జాగ్రత్తగా తీసి సీసాలో వేశారు.

"వీపేది?"

"అది కాస్త పెద్ద ముక్కని జాడీకి వాసెన కట్టా."

"ఏ జాడీకి?"

"మీ అమ్మగారికి పంపిన జాడీకి," అన్నారు మెల్లగా.

ఆ జాడీని అంతకు ముందురోజు, తన సెలవు రోజున, సంచిలో పెట్టుకుని నందిగామ మోసింది ఎవరనుకున్నారు? మా ఆయనే.

వత్సవాయి వెళ్ళి ఆ అమ్మాయికే టేపు పెట్టి కొలుస్తానన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. "వాళ్ళు పెళ్ళికూతుర్ని చేసేశారు. ఇప్పుడు నువ్వెళ్ళి ఆది ముక్కలైందని చెప్పావనుకో, పెళ్ళిపిల్ల ఒంటిమీది బట్ట చింపారు, అపశకునం అంటారు. ఊరంతా బండి కట్టుకుని మన గుమ్మంలోకొస్తుంది. నువ్వు నందిగామ పో. ఉన్న ముక్కలు నేను టాకాలేసి కలిపి ఉంచుతా."

"సాయంత్రం ఆరింటికి పెద్దాయన వస్తారు. ఈలోపల ఈయన షిఫ్టు దిగి వచ్చేస్తే?"

"వాడితో నేను చెప్పుకుంటాలే. మీ అమ్మకి ఒంట్లో బాలేదంటా."

"మా అమ్మకెందుకండీ, మీకే బాలేదని చెప్పొచ్చుగా."

"నేనైతే వాడికి ఎదురుగా కనపడతాగా," అన్నారు ఆవిడ. పిల్లకి ఇంకా నా పాలే. అందుకని దాన్ని కూడా చంకనేసుకుని బస్సెక్కాను.

ఇదంతా చెప్పేసరికి అమ్మ నవ్వలేక గోడకి చేరగిలబడింది. నవ్వి నవ్వి, నన్ను మాత్రం దూరంగా నిలబెట్టి, తనే చేతులు కడుక్కొచ్చి గుడ్డ విప్పి, జాడీకి వేరే గుడ్డ కట్టింది. మధ్యలో గుండ్రంగా నూనె, ఎర్రగా కారం. ఉతుకుదామా అంటే వద్దంది. "తడిస్తే ముడుచుకుంటుందేమో, ఇలాగే తీసుకుపో," అని కాగితంలో చుట్టిచ్చింది.

పిల్లకి పాలిస్తూ నేను రెండు ముద్దలు తింటుంటే పక్కన కూర్చుంది. "నీకెందుకే ఈ అవస్థ? అబ్బాయి జీతం వస్తుంది. ఇల్లు చూసుకుని పిల్లని పెంచుకోక," అంది.

"నేను ఎక్కడా తప్పకుండా పాసైంది ఇదొక్కటేనమ్మా," అన్నాను. అమ్మ ఇంకో ముద్ద కలిపి చేతిలో పెట్టింది.

తిరుగు బస్సు చిల్లకల్లు దగ్గర టైరు పంచరై గంటసేపు ఆగిపోయింది. పక్కన కూర్చున్నావిడ నా సంచి వంక చూసి గాలి పీల్చి, "ఏం పచ్చడమ్మా?" అంది. జాకెట్టు అనబోయి ఆవకాయ అన్నాను.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. మా ఆయన వచ్చేసి వసారాలో కూర్చుని ఉన్నారు.

"మీ అమ్మకెలా ఉంది?"

"బానే ఉందండి. తిరుగుతోంది."

"నిన్న నేనెళ్ళినప్పుడు గుండ్రాయిలా నిక్షేపంగా ఉంది మరి," అన్నారు. నేను పిల్లని ఆయన ఒళ్ళో కూలేసి లోపలికి పోయాను.

అత్తయ్య మిగతా ముక్కలన్నీ టాకాలేసి చాపమీద పరిచారు. మసిగుడ్డల్ని కుంకుడు రసంలో ఉతికి ఆరబెట్టారట. వీపు మధ్యలో పెట్టాను. జాకెట్టు అయింది. చేతులు నల్లగా, వీపు ఎర్రగా, ముందు పసుపుపచ్చగా ఉంది గానీ, కొలత కొలతే. భుజం, ఛాతీ, నడుము ముమ్మారు చూసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని పట్టుకి కత్తెర పెట్టాను. మిషను తొక్కుతుంటే ఈసారి బొటనవేలికి తాడు లేదు. పిల్లని మా ఆయన వీధిలో తిప్పుతున్నారు. అత్తయ్య నా వెనకే కూర్చుని హుక్కులకి కాజాలు కుట్టారు. కాజాలు ఆవిడ కుట్టగలరని నాకు ఆ రోజుదాకా తెలియదు.

ఆరు కాకముందే పెద్దాయన వచ్చారు. ఎండలో తిరిగి తిరిగి మొహం వాడిపోయి ఉంది. వత్సవాయి బస్సు అందుకోవాలని హడావిడి. పట్టు జాకెట్టు విప్పి చూసి బాగుందన్నారు. ఇక వెళ్తారనుకున్నాను. ఆయన మంచంమీద మూట విప్పి లెక్కపెట్టడం మొదలెట్టారు. కొత్తవి పదకొండు. ఆదులు పది.

"పెళ్ళికూతురి ఆది లేదేంటమ్మా?"

ఆది తిరిగివ్వాలన్న సంగతి మా ఇద్దరికీ తట్టనేలేదు. మా ఆయన అప్పుడే పిల్లనెత్తుకుని మెట్లెక్కుతున్నారు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోపల అత్తయ్య ముందుకొచ్చారు.

"అది నేను పాడుచేశానండి. పనికిరాని గుడ్డనుకుని మసిగుడ్డ చేశా. అమ్మాయి తప్పేం లేదు. పొద్దున్నే నందిగామ దాకా పోయి ముక్కలు ఏరుకొచ్చి మరీ కుట్టింది," అని ఆ రంగురంగుల జాకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

పెద్దాయన దాన్ని రెండు చేతులా ఎత్తి చూశారు. వాసన చూశారు. "ఆవకాయాండీ?" అన్నారు.

"అవునండి. కొత్తది."

మా ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. నాకైతే మిషను బండెక్కి నందిగామ పోతున్నట్టే కనిపించింది. చివరికి పెద్దాయన ఆదిని మడిచి మళ్ళీ అత్తయ్య చేతిలో పెట్టారు. "ఇది ఇక్కడే ఉంచండి. మా ఆడాళ్ళు చూస్తే ముందు నన్నే అంటారు, ఎక్కడ పారేసుకున్నావని. ఎక్కడో దారిలో పోయిందని చెప్తా. కొత్తది కుదిరితే చాలు," అని మూట కట్టుకుని బస్సుకి పరుగెత్తారు.

ఆయన సందు దాటేదాకా మేం ముగ్గురం అలాగే నిలబడ్డాం.

"అయితే మా అత్తగారికి జబ్బేం లేదన్నమాట," అన్నారు మా ఆయన.

"నీ గుమ్మంలో ఎవరైనా గొడవపడ్డారా? లేదుగా. పిల్ల తడిపింది, గుడ్డ మార్చు పో," అన్నారు అత్తయ్య.

ఆయన నవ్వాపుకున్నారు. జాడీ మోసింది తనే అని అప్పటికి అర్థమైనట్టుంది. మిషను ఊసెత్తలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం, "పదకొండు ఒక్కసారి పట్టేముందు ఇంట్లో ఉన్నది ఒకటే మంచమని గుర్తుపెట్టుకో," అన్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పట్టు జాకెట్టు చక్కగా కుదిరిందని పెళ్ళయిన వారానికి పెద్దాయనే బజారులో కనపడి చెప్పారు.

పెద్దాయన వచ్చివెళ్ళిన మర్నాడు పొద్దున్నే వెనక సందులో ఉండే ఆవిడ నాలుగు జాకెట్టు ముక్కలు పట్టుకొచ్చింది, సోమవారానికి కావాలని. అత్తయ్య నా మొహంలోకి చూశారు. "సోమవారానికి కుదరదండి. ఇక నుంచి వారానికి ఇన్నే అనుకున్నా," అన్నాను, మిషను వేసుకున్నాక మొదటిసారి. ఆవిడ సరేనని, పెద్దబజారులో వేరే చోట ఇస్తానని మూట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. తర్వాత పిల్లని అత్తయ్యకిచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆవిడ వెనకాల పరుగెత్తి, నాలుగింటిలో రెండు తీసుకొచ్చాను.