నీలి దీపం

ఇంగ్లండు రాజకుటుంబంలో ఎవరైనా పోతే రేడియో స్టూడియో గోడమీద నీలి దీపం వెలుగుతుంది. వెంటనే హుషారు పాటలాపి విషాద సంగీతం వేయాలి. లాంకషైర్‌లోని ఓ చిన్న రేడియో స్టేషన్లో పనిచేసే నోరీన్, రాణి పోయిననాటి నుంచీ వెలగని ఆ దీపాన్ని రోజూ చల్లారిన టీ తాగుతూ చేతిరుమాలుతో తుడుస్తుంది. నిన్న మధ్యాహ్నం అది వెలిగింది. సంగీతం మార్చి, లండన్ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఎవరూ పోలేదు తల్లీ, అందరూ శుభ్రంగా ఉన్నారు. తీగ పాడైనట్టుంది, పీకెయ్."

పీకేసింది. పాట ఆపి శ్రోతలకి క్షమాపణ చెప్పబోతుంటే ఒక ముసలామె ఫోన్ చేసింది. "ఆపకే పిల్లా. మిల్లు పోయింది, బజారు పోయింది, మన పేపరూ మూసేశారు. ఓట్లకైనా ఒక్కడూ రాడు. ఇన్నాళ్లకి మన ఊరికోసం ఎవరో ఏడ్చారు."

నోరీన్ కిటికీలోంచి చూసింది. వీధిలో జనం టోపీలు తీసి, కదలకుండా నిలబడి ఉన్నారు. కిటికీ అద్దంలో, ఆమె వెనక, దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.