పరామర్శకు పిలిచే మా మేనత్త

మా మనవరాలు కర్నూలులో ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తుంది. మందులిచ్చే పని కాదు, మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడే పని. దానికీ ఒక చదువుందట, జీతముందట! మొన్న ఆదివారం నాకు అన్నం వడ్డిస్తూ, ఎంత కష్టమైనా సరే ఆ ఇంటివాళ్ళకు అబద్ధం మాత్రం చెప్పకూడదవ్వా, అది మాకు మొదటి పాఠం అంది. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఈ పనే చేసిన ఒకామెను నేనెరుగుదును, ఆమె చెప్పిన ఒక అబద్ధాన్ని ఈ వయసులో కూడా నేను మరవలేదు.

ఆమె మా మేనత్త, మా నాయనకు సొంత అక్క. కోడుమూరు పక్కన మా ఊరికి ఆమడ దూరంలో ఆమె ఊరు. పంతొమ్మిది వందల యాభైలలో మా పక్క ఎవరింట్లో చావు జరిగినా, దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఇంకా తేరుకోని మనిషి ఉంటే మా అత్త కోసం బండి కట్టేవాళ్ళు. అందరిలా ఊరుకోమ్మా, ఊరుకో అనేది కాదు, ఆ మాటంటేనే ఆమెకు ఒళ్ళుమంట. ఒక ఇంట్లో కొంగు దోపుకుని పొద్దంతా గిన్నెలు తోమేది, ఒక ఇంట్లో వాళ్ళు చెప్పిన కథే పదిసార్లు చెప్పినా ఇప్పుడే విన్నట్టు వినేది, పెళ్ళాం పోయి అన్నం మానేసిన ఒక ముసలాయన దగ్గరైతే ఏకంగా పోయినామెను తిట్టి ఆయనతో కొట్లాట పెట్టుకుందట, ఆయనకు కోపమొచ్చి నోరు విప్పేదాకా. ఇంటికొక తీరు ఆమెది.

అట్లాంటి మనిషిని ఒక ఎండాకాలం మా ఇంటికే పిలవాల్సి వచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడికి నాలుగు, ఆ కింద చంటిది చెల్లెలు. తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నన్ను పక్కన దర్జీ సాయిబు ఇంట్లో పెట్టారు. ఆ రోజుల్లో మనవాళ్ళ తెలివి మీకు తెలుసు కదా, విరేచనాలైతే నీళ్ళు ఇయ్యకూడదు, ఇస్తే ఇంకా ఎక్కువవుతాయని! వాడు అమ్మా, నీళ్ళు, ఒక్క గుక్క అని రెండు రోజులు అడగడం గోడ ఇవతల నుంచి నేను విన్నాను. మూడో రోజు పొద్దున అడగలేదు.

తర్వాత మా అమ్మ ఏడవలేదు. అంతకంటే ఘోరం, నీళ్ళు ముట్టడం మానేసింది. చెంబు నోటిదాకా తెస్తే పళ్ళు బిగించుకునేది. బండలు కాలిపోయే ఎండలు, ఆమె పెదవులు పగిలి రక్తం వస్తోంది, పాలు ఎండిపోయి చంటిది ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఇంకొక రోజు ఇట్లాగే ఉంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని ఆడవాళ్ళు బాహాటంగానే అనుకుంటుంటే, మా నాయన బండి కట్టుకుని పోయి అక్కను తీసుకొచ్చాడు.

అత్త కాళ్ళు కూడా కడుక్కోలేదు. ఇంటినిండా జనముండగా నేరుగా పోయి అమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఏమ్మే, వాంతులయితే నీళ్ళు పొయ్యొద్దని పోయినేడు నేనే గదా చెప్పింది? నా మాట పట్టుకొనే గదా బిడ్డ నోరు ఎండబెడితివి? నీ కొడుకును చంపిండేది నేను. నన్ను కొట్టు!"

మా అమ్మ ఆమెను అట్లే చూసి చూసి, చెయ్యెత్తి చెంప మీద కొట్టింది. అయ్యో దేవుడా! వదినగారి ముందు తలెత్తి మాట్లాడని మా అమ్మ, అందరూ చూస్తుండగా, ఒకటి కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. అత్త కదలలేదు. నేను దర్జీ సాయిబు భార్య కొంగు పట్టుకుని నిలబడ్డాను. మా నాయన వాకిట్లో తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని అట్లే కూలబడ్డాడు. చివరికి అమ్మ అత్త మెడ మీద పడి భోరుమంది. ఆ ఏడుపు మధ్యలోనే అత్త చెంబు అందించింది, అమ్మ గటగటా తాగింది.

అమ్మ బతికింది, చెల్లెలూ బతికింది. కానీ ఆ మాట ఊరూరా పాకింది. సొంత తమ్ముడి బిడ్డను చంపిన మనిషట, ఆమె మనకేం చెప్తుంది అని ఆమెను పిలవడమే మానేశారు. ఇక నా సంగతంటారా, ఆమె బొరుగుల ఉండలు తెచ్చి పిలిస్తే మూతి తిప్పుకుని పోయేదాన్ని. పెళ్ళై ఇద్దరు పిల్లల తల్లినైనా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

మా నాయన పోయి ఏడాది తిరగకముందే మా అమ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం కాళ్ళు పిసుకుతుంటే, ఏదో మాటల్లో నేను అత్తను తిట్టాను. అమ్మ లేచి కూర్చుంది.

"నీళ్ళు పొయ్యొద్దనే మాట మీ అత్త ఎప్పుడూ అన్లేదు పాపా. నీళ్ళు ఇయ్యొద్దని చెంబు లాక్కుండేది మీ నాయన. బండిలో వచ్చేటప్పుడు అక్కకు చెప్పుకొని ఏడ్చినాడంట. కొట్టేటప్పుడు నాకూ తెలుసు, ఆమె కాదని. ఆయన మీద చెయ్యెత్తింటే ఆ పొద్దుటి నుంచి నేను యాడ బతకల్ల, మీరు యాడ బతకల్ల? ఎవురికీ చెప్పనని మీ అత్త నాతో చంటిదాని నెత్తి మీద ఒట్టు పెట్టించుకునింది."

మా నాయన, చీమకు కూడా హాని చెయ్యని మనిషని నేను అందరికీ చెప్పుకునే మా నాయన, అక్కను అంతమంది ముందు కొట్టనిచ్చి, ఆపైన ఇరవై ఏళ్ళు నోరు మెదపలేదు. ఆయన్ను అడుగుదామంటే ఆయన లేడు. అత్త ఆయనకంటే ముందే పోయింది.

ఇప్పుడు ఆ పనికి ఒక గది, కుర్చీలు, తలుపు మీద పేరు ఉన్నాయి. మంచిదే, కాలం బాగుపడిందనే అంటాను. ఎదుటివాళ్ళ దుఃఖం సాయంత్రానికి అక్కడే వదిలేసి రావాలని కూడా నేర్పిస్తారట. మా అత్తకు అది నేర్పినవాళ్ళు లేరు, మా ఇంటి దుఃఖం తీసుకుపోయి చచ్చేదాకా తన దగ్గరే పెట్టుకుంది. అన్ని ఇళ్ళల్లో కూర్చున్న ఆ మనిషి పోయిన రోజున ఆమె ఇంటికి వచ్చినవాళ్ళు నలుగురంటే నలుగురేనట. పిల్లవాడికి జ్వరమని సాకు చెప్పి నేను పోలేదు.